ఆలస్యంగా కోసిన తీగ

మందిరం వెనక ఇల్లు,
వంటింటి కిటికీ దగ్గర నుంచి

పిచ్చుకా,

ప్రభువు నిన్ను చల్లగా చూస్తున్నాడనే అనుకుంటున్నాను. ఫోన్ చెయ్యకుండా ఈ ఉత్తరం ఏమిటని అడగకు. మాది రెండు గదుల ఇల్లు, నీ గొంతేమో ఫోన్లోంచి లేచి పక్కగదిలోకి నడిచి వెళ్తుంది. మీ అన్నయ్య సంగతి మీ అన్నయ్య వినకుండా చెప్పాలంటే నాకు కాగితమే దిక్కు.

ఆయన బాగానే ఉన్నారు. అంటే, పెట్టింది తింటున్నారు, ఆదివారం తెల్లచొక్కా వేసుకుని వేదిక ఎక్కుతున్నారు. చెప్పేవి మాత్రం పాత ప్రసంగాలే. పోయినవారం చెప్పినదాన్ని నేను ముందే విన్నాను, ఎక్కడ దగ్గుతారో కూడా నాకు తెలుసు. భోజనం ముందు ప్రార్థన నన్నే చెయ్యమంటున్నారు. ఎందుకని అడిగితే, "నోరు తెరుస్తుంటే ఏమీ రావడం లేదు, నువ్వు కానివ్వు" అన్నారు. కూర చల్లారిపోతుందన్నట్టు, అంత మామూలుగా అన్నారు.

సంగతేమిటో నీకూ తెలుసు. కూడలిలో డ్రమ్ములూ లైట్లూ పెట్టి కొత్త మందిరం తెరిచాక మావాళ్ళు సగంమంది అటు వెళ్ళిపోయారు. మిగిలినవాళ్ళు అటు నడవలేనివాళ్ళు. సంఘపెద్దలు మొన్న మా ఇంటికి వచ్చి, టీ తాగి, గోడ గడియారం బాగుందని మెచ్చుకుని, చివరికి అసలు మాటకు వచ్చారు. "అయ్యగారూ, మీరు కాస్త విశ్రాంతి తీసుకుంటే బాగుంటుందేమో" అన్నారు కోశాధికారి గారు. విశ్రాంతి అంటే మందిరానికి తాళం. ఎండలు ముదిరేలోపు ఏదో ఒకటి తేలుస్తారట. మీ అన్నయ్య సరేనన్నారు. ఆయన కాదంటే నాకు ఇంత బెంగ ఉండేది కాదు.

ద్రాక్షతీగ ఒకటి మిగిలింది. ఏటా కొత్త సంవత్సరం మొదటి ఆదివారం ప్రసంగం అయ్యాక ఆయన స్టూలెక్కి, వాకిలి పందిరి మీది తీగను అందరి ముందూ కత్తిరించి, ఇంటికో కొమ్మ ఇచ్చి నాటుకోమని పంపేవారు గదా. ఈ ఏడు, "ఎవరికివ్వడానికి కొయ్యను?" అని స్టూలు లోపల పెట్టేశారు. ఇవాళ కాదు రేపని నేను ఇన్నాళ్ళు ఎదురుచూశాను. నిన్న శనివారం ఇక ఆగలేక నేనే ఎక్కి కోసేశాను. మోకాళ్ళు పట్టేశాయి గానీ పని పూర్తయింది. మొగ్గలు కాస్త ఉబ్బి కనిపించాయి. సరిగ్గానే కోశానా? మొక్కల మధ్య ఉద్యోగం చేసే ఆడపడుచు ఉండి కూడా ముందు అడగకపోవడం నా బుద్ధి తక్కువ.

మందిరంలో గంట కొట్టారు. తలమీద కొంగు సర్దుకుని వెళ్ళాలి.

నీ వదిన

*

నర్సరీ,
గులాబీ మడుల పక్క రేకుల షెడ్డు నుంచి

వదినా,

కోశాక అడగడం బాగుంది. పెళ్ళయ్యాక జాతకం చూపించుకున్నట్టుంది.

తీగను నిద్రలో ఉండగా కొయ్యాలి. ఆకులన్నీ రాలి, చలికి ముడుచుకుని, ఏమీ తెలియకుండా పడుంటుందే, అప్పుడు. మొగ్గలు ఉబ్బాయంటే అది మేలుకుందని. వేరు కిందినుంచి నీరు పైకి తోస్తూ ఉంటుంది. ఆ వేళ కోస్తే కోసిన చోటల్లా బొట్లు బొట్లుగా కారుతుంది. ఈపాటికి మీ వాకిలి తడిసి ఉండాలి. కంగారుపడకు, చావదు. గుడ్డలు కట్టకు, మైనం పుయ్యకు, ఏమీ చెయ్యకు. మొగ్గ విచ్చి ఆకు పడితే ఆ నీరంతా ఆకే తాగుతుంది, కారడం ఆగిపోతుంది. కాయ కొంచెం తగ్గుతుందేమో, అంతే.

అన్నయ్య గురించి నన్నేం చెప్పమంటావు? నేను మందిరం గడప తొక్కి ఎన్నాళ్ళయిందో నీకు తెలుసు. ఆదివారం కూడా ఇక్కడ గులాబీలకు అంటు కడుతూ మోకాళ్ళ మీదే ఉంటాను, దాన్నే దేవుడు లెక్కలో వేసుకోవాలి. ఒక్కటి మాత్రం ఈ మట్టిలో తెలుసుకున్నాను. మొక్క ఎదిగే కాలంలో ఎక్కువ భాగం చూడ్డానికి ఏమీ ఉండదు. చచ్చిందో బతికిందో తెలియని పుల్ల నేలలో గుచ్చి ఉంటుంది. ఆత్రంకొద్దీ పీకి చూసినవాడు వేరు తెంపుతాడు. అన్నయ్యను పీకి చూడకు. ప్రార్థన రావడం లేదంటే రాకపోనీ. ఆయన బదులు నువ్వు చేస్తున్నావు కదా, ప్రస్తుతానికి అది చాలు.

నా నడుము అదోలా ఉంది. సూపర్‌వైజర్ కొత్తగా పెళ్ళి చేసుకున్నాడు కాబట్టి పని అంతా మామీద పడింది. నువ్వు మోకాళ్ళకు మందు రాసుకుని పడుకో.

పిచ్చుక

*

వంటింటి కిటికీ దగ్గర నుంచి

పిచ్చుకా,

నీ ఉత్తరం మంగళవారం చేరింది. జరగాల్సింది ఆదివారమే జరిగిపోయింది.

ప్రసంగం సగంలో ఉంది. బెంచీలు చాలక కాదు, ఉక్కపోస్తోందని కోశాధికారి గారు వాకిట్లో కుర్చీ వేసుకున్నారు. ఆయన బట్టతల మీద ఓ చుక్క పడింది. తుడుచుకున్నారు. ఇంకోటి పడింది. కాకి అనుకుని తిట్టబోయి, పైకి చూసి, అలాగే నోరు తెరుచుకుని ఉండిపోయారు. కోసిన ప్రతి కొమ్మ చివరా ఓ నీటిబొట్టు వేలాడుతోంది. "తీగ ఏడుస్తోంది అయ్యగారూ" అన్నారు. అందరూ లేచి బయటికి వచ్చారు. ముసలివాళ్ళు మోకరించారు. మనం దీన్ని మూసేద్దామనుకున్నాం, చూడండి అని ఎవరో అన్నారు. ఇక ఏడుపులే ఏడుపులు. ఇన్నేళ్ళూ నిద్రలో ఉన్నప్పుడే కోశాం కాబట్టి అది కారడం మాలో ఎవరమూ చూడలేదు. నేనూ చూడలేదు పిచ్చుకా. నేనూ మోకరించాను.

బుధవారం ప్రార్థనకు బెంచీలు నిండాయి. కూడలి మందిరానికి వెళ్ళినవాళ్ళు కూడా వచ్చారు, తమకేం తెలియనట్టు పాత చోట్లలో కూర్చున్నారు. మీ అన్నయ్య కొత్త ప్రసంగం చెప్పారు. పాత కాగితం లేదు, చేతిలో ఏమీ లేదు. ఆ గొంతు నేను పెళ్ళినాడు విన్న గొంతు. ఇంటికి వచ్చి, భోజనం ముందు తనంతట తానే చేతులు జోడించారు.

నీ ఉత్తరం పిండి డబ్బాలో అడుగున పెట్టాను. ఇప్పుడు ఆయనకు చూపించి, ఇది నా ఆలస్యం తెచ్చిన నీళ్ళండీ అని చెప్పమంటావా? నాకు నోరు రాదు. ఆకు పడితే ఆగిపోతుందన్నావు గదా. దానంతట అది ఆగనీ. అప్పటికి ఆయన నిలదొక్కుకుంటారు. నువ్వు కూడా కడుపులో పెట్టుకో.

ఎదురు సందులో కుట్టుమిషను పెట్టుకున్న టైలరమ్మ తెలుసుగా, చిన్నప్పటినుంచీ మూర్ఛలతో, మాత్రలతో నెట్టుకొస్తోందే, ఆవిడ. రోజూ పొద్దున్నే సీసా తెచ్చి పందిరి కింద పట్టుకుంటోంది. ఆ ముఖంలో వెలుగు చూస్తే నాకు ఓపక్క సంతోషం, ఓపక్క భయం. ఇవాళ గిన్నెలు తోముతూ పాట పాడానట. నాకు తెలియనే లేదు, మీ అన్నయ్య చెప్పారు.

నీ వదిన

*

నర్సరీ నుంచి

వదినా,

ఉత్తరం అందింది. పెద్దగా రాయలేను, రెండు లారీల మొక్కలు దించాలి.

టైలరమ్మ ఆ నీళ్ళతో ఏం చేస్తోంది? నువ్వు రాయలేదు. అడిగి రాయి.

అన్నయ్యకు చెప్పెయ్. ఎందుకు, ఏమిటి అని నన్ను అడగకు. చెప్పెయ్, అంతే. నీకు అనిపించినంత కష్టం కాదది. ఇంతకంటే చెప్పే వీలు నాకు లేదు.

పిచ్చుక

*

వంటింటి కిటికీ దగ్గర నుంచి

పిచ్చుకకు,

నీ ఉత్తరం చదివి నాకు కోపం వచ్చింది. దాచుకోను. నాలుగు ముక్కలు గీకి నా నెత్తిన ఆజ్ఞ పడేశావు. నీకేం, నీ మొక్కలు నిన్ను ప్రశ్నలు వెయ్యవు. వాటికి నీళ్ళు పోస్తే చాలు, ఆశ పొయ్యక్కర్లేదు. ఇక్కడ ఓ మనిషి ఏడాదిగా ఎండిపోతుంటే పక్కన కూర్చుని చూసింది నేను. నువ్వు కాదు.

పెద్దలు తాళం మాట మానేశారు. తీగ చుట్టూ కటకటాలు కట్టించి, కింద ఇత్తడి పళ్ళెం పెడతారట. బొట్లు వృథాగా నేలపాలు కాకూడదట. మీ అన్నయ్య మాత్రం ఇందులో దేనికీ ఊ అనరు, ఉహూ అనరు. వేదిక మీద కూడా తీగ మాటెత్తరు, వాక్యమే చెబుతారు. వినయమనుకుంటున్నాను. సాయంత్రాలు వాకిట్లోకి వెళ్ళరు. ఎందుకని అడిగితే అలసట అంటారు. రోజంతా జనమే కదా మరి.

నువ్వడిగావని టైలరమ్మను అడిగాను. పొద్దున ఓ చెంచా, పడుకునేముందు ఓ చెంచా తాగుతోందట. మరి మాత్రలు వేసుకోవడం లేదా అన్నాను. ఆవిడ నవ్వింది. "ఇంకెందుకమ్మగారూ? నాకోసమే కదా ఆ ప్రభువు ఏడుస్తున్నాడు" అంది. మాత్రలు మానకు, దేవుడు డాక్టర్లను కూడా ఇచ్చాడని చెప్పాను. అలాగేనమ్మా అంది. ఆ అలాగేనమ్మాను నేను నమ్మలేదు. నమ్మకపోయినా, ఎందుకు మానకూడదో చెప్పలేదు. చెప్పాలంటే అంతా చెప్పాలి. ముందుకు పోతే గొయ్యి, వెనక్కి పోతే నుయ్యిలా ఉంది నా బతుకు. ఆదివారం అయ్యాక చెబుదామనుకున్నాను. ఆదివారం మందిరం బయట దాకా నిండింది. మళ్ళీ చెప్పలేదు.

ఇంతవరకు ఆవిడకేమీ కాలేదు. బాగానే ఉంది. కుడుతోంది.

అలసిపోయాను పిచ్చుకా. దుఃఖంలో కూడా ఇంత అలసట లేదు. సంతోషాన్ని మొయ్యడమే బరువుగా ఉంది.

వదిన

*

నర్సరీ,
రేకుల షెడ్డు నుంచి

వదినా,

అన్నయ్యకు ఇచ్చిన మాట తప్పుతున్నాను. తప్పకపోతే ఆ టైలరమ్మ ప్రాణం మీదికి వచ్చేట్టుంది.

నువ్వు మొదటి ఆదివారం సంగతి రాసిన ఉత్తరం, అన్నయ్య, ఇద్దరూ ఒకే రోజు నా దగ్గరికి వచ్చారు. పాస్టర్ల కూటమని నీకు చెప్పి బయల్దేరాడట. వచ్చి, కుండీల మధ్య ఎరువుబస్తా మీద కూర్చున్నాడు. తెల్లచొక్కా పాడవుతుందంటే వినలేదు. "ఏటా నేను కోసినప్పుడు కారలేదు, ఇప్పుడెందుకు కారుతోందే?" అని అడిగాడు. నీకు రాసిందే చెప్పాను. నిద్రలో కొయ్యకుండా మేలుకున్నాక కోశారు, అంతేనన్నాను. "అయితే ఇందులో ఆయన లేడన్నమాట" అన్నాడు. మంచినీళ్ళిచ్చాను.

వెళ్ళేముందు నా చెయ్యి పట్టుకున్నాడు. "మీ వదినకు చెప్పకు. గిన్నెలు తోముతూ పాడుతోంది. ఎన్నాళ్ళకు పాడిందో తెలుసా? ఇది ఉత్త నీళ్ళేనని చెబితే మళ్ళీ నోరు మూసుకుంటుంది" అన్నాడు. నేను సరేనన్నాను. నీకేమో, ఆయనకు చెప్పెయ్ అని రాశాను. నా తెలివి అంతవరకే పనిచేసింది.

కాబట్టి విను. ఆయనకు తెలుసు. మొదటి వారంనుంచే తెలుసు. ఆయన నీకోసం, నువ్వు ఆయనకోసం, పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు ఇద్దరూ ఒకే గిన్నె ముందు కూర్చున్నారు. మీ ఇద్దరి ప్రేమా ఎంత గొప్పదో నేనూ ఒప్పుకుంటాను. కానీ ఆ గిన్నెలోది తాగుతున్నది మూడోమనిషి.

ఈ ఉత్తరం చదివి మడత పెట్టకు. చేతిలో పట్టుకునే టైలరమ్మ ఇంటికి వెళ్ళు. ఆవిడ చేత మాత్ర మింగించాకే అన్నయ్యతో పోట్లాడు.

పిచ్చుక

*

ఆసుపత్రి,
ఆడవాళ్ళ వార్డు వరండా నుంచి

పిచ్చుకా,

నీ ఉత్తరం నేను ఇక్కడే చదివాను. పోస్టుమ్యాన్ ఇంట్లో ఎవరూ లేరని మందిరం దగ్గర మీ అన్నయ్య చేతికిచ్చాడు, ఆయన విప్పకుండా నాకు తెచ్చిచ్చారు. అప్పటికే అయిపోయింది.

టైలరమ్మ నిన్న మధ్యాహ్నం ఇస్త్రీ చేస్తూ పడిపోయింది. కుట్టిన చొక్కాల కోసం వచ్చినావిడ తలుపు తోసి చూసేసరికి, ఇస్త్రీపెట్టె కింద ఆవిడ కుడిచెయ్యి ఉంది. ఎంతసేపు ఉందో ఎవరికీ తెలియదు. అరచెయ్యి, మణికట్టు. ప్రాణానికి భయం లేదన్నారు. వేళ్ళు ముడుచుకుంటాయేమో ఇప్పుడే చెప్పలేమన్నారు. కుట్టుపని మీద బతికే మనిషి కుడిచెయ్యి పిచ్చుకా.

డాక్టరు, "మాత్రలు ఎందుకు మానేశారు?" అని అడిగింది. ఆవిడ నాకేసి చూసింది. నేను నేలకేసి చూశాను.

నీ ఉత్తరం చదివి మీ అన్నయ్య చేతికిచ్చాను. ఈ వరండాలో, ఓ కాలు విరిగిన బెంచీ మీద కూర్చుని చదివారు. చదివి, "నీకూ తెలుసా?" అన్నారు. "మీకూ తెలుసా?" అన్నాను. ఇన్నేళ్ళ కాపురంలో మేమిద్దరం అంత సిగ్గుపడిన క్షణం లేదు. ఆయన నా పాట కోసం దాచారట. మొదటిసారి తెలియక పాడాను, ఆ తర్వాత నేను పాడిందంతా ఆయన వింటారని పిచ్చుకా. నాకు పాడాలని ఉండి కాదు.

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటారు. మా తీగకు నిజంగానే ఆకులు ఇవాళే వచ్చాయి. కారడం ఆగిపోయింది. పెద్దలు కంగారుగా ఇక్కడికే వచ్చారు, తీగ ఏడుపు మానేసిందేమిటి, మనవల్ల ఏం పాపం జరిగిందని. మీ అన్నయ్య వాళ్ళను చూసి మొదటిసారి గట్టిగా మాట్లాడారు. "ఆదివారం రండి, చెబుతాను. ఇవాళ ఇక్కడ ఒకావిడ చెయ్యి కాలి పడి ఉంది" అన్నారు.

ఈ ఉత్తరం ఆదివారం దాకా నా దగ్గరే ఉంచి, అది కూడా రాసి పంపుతాను.

ఆదివారం. చెప్పేశారు. ఉపమానాలు లేవు, పెద్ద మాటలు లేవు. "ఈ తీగ ఏడవలేదు. ఆలస్యంగా కోశాం కాబట్టి కారింది. నాకు తెలుసు, తెలిసి మీకు చెప్పలేదు. మీతో నిండిన బెంచీలు చూసి నాకు ఆశ పుట్టింది. దేవుడు చెయ్యనిదాన్ని ఆయన చేశాడని మీరంటుంటే ఊరుకోవడం అబద్ధమే. ఒక మనిషి ఆ అబద్ధాన్ని చెంచాతో తాగింది" అన్నారు. నేను లేచి, కోసింది నేను, మొదట తెలిసిందీ నాకేనని చెప్పాను.

కోశాధికారి గారు ముందు లేచి వెళ్ళిపోయారు. వెనకే చాలామంది. ఇత్తడి పళ్ళెం తెచ్చినాయన దాన్ని చంకన పెట్టుకునే వెళ్ళారు. మందిరానికి తాళం పడుతుందనుకుంటాను. అది నాకిప్పుడు చిన్న సంగతిలా ఉంది.

నీ వదిన

*

నర్సరీ నుంచి

వదినా,

నేను ఒక్క వారం ముందు మాట తప్పి ఉంటే సరిపోయేది. ఆ వారం నన్ను తినేస్తోంది. మాట నిలబెట్టుకోవడం మంచిగుణమని మనకు చిన్నప్పటినుంచీ నూరిపోశారు, ఎప్పుడు నిలబెట్టుకోకూడదో ఎవరూ చెప్పలేదు.

నిన్ను ఓదార్చాలని ఉంది గానీ ఈ విషయంలో ఓదార్పు నీకూ నాకూ అరగదు. ఇక్కడ కొత్తగా పనిలో చేరినవాళ్ళు మొక్కను ఎక్కువగా చంపేది నీళ్ళు పొయ్యక కాదు, ప్రేమకొద్దీ ఎక్కువ పోసి. నువ్వూ అన్నయ్యా ఒకరినొకరు అలా తడిపేశారు. ఇప్పుడు మీ ఇద్దరికీ కాస్త ఎండ తగలాలి. తగిలింది కూడా. మండుతుంది, ఓర్చుకోండి.

అన్నయ్యకు ప్రార్థన వస్తోందా అని అడగను. ఆవిడ చెయ్యి ఎలా ఉందో అది రాయి. ఆవిడ ఏమందో, తిట్టిందో కొట్టిందో ఉన్నదున్నట్టు రాయి. నా దగ్గర కొంత సెలవు మిగిలుంది. బస్సెక్కి వస్తాను. మందిరానికి కాదు, నీ వంటింటికి.

పిచ్చుక

*

వంటింటి కిటికీ దగ్గర నుంచి

పిచ్చుకా,

రా. మంచం మీద దుప్పటి మార్చాను.

టైలరమ్మ ఇంటికి వచ్చేసింది. చెయ్యి కట్టులోనే ఉంది. బొటనవేలు, చూపుడువేలు కదులుతున్నాయి, మిగతావి కదలడం లేదు. మేమిద్దరం వెళ్ళాం. నేను ఏడ్చాను. మీ అన్నయ్య, "అమ్మా, ప్రార్థన చెయ్యమంటావా?" అని అడిగారు. అలవాటుకొద్దీ అడిగారు, పాపం.

"వద్దు" అంది. "మా ఇంట్లో ప్రార్థన మాటెత్తొద్దు అయ్యగారూ. మీరు ఆరోజు వేదిక మీంచి ఒక్క ముక్క చెప్పుంటే నా చెయ్యి నాకుండేది. అమ్మగారు రోజూ నా సీసా చూస్తూ నిలబడ్డారు. నన్ను క్షమించమని మాత్రం అడక్కండి, నా దగ్గర లేదు. ఆ మూల చొక్కాల గుట్ట ఉంది. కుట్టినవే, ఇస్త్రీ చేసివ్వాలి, ఇవ్వకపోతే వాళ్ళు ఇంకో దగ్గరికి పోతారు. చెయ్యగలిగితే అది చెయ్యండి."

ఆయన చొక్కా చేతులు మడిచారు.

పిచ్చుకా, మీ అన్నయ్య ఇస్త్రీ నీకు తెలుసుగా. మొదటిరోజు ఓ కాలరు పసుపురంగుకు తిప్పారు. ఆవిడ మంచం మీదినుంచి తిట్టింది. "అయ్యగారూ, అది చొక్కా, ప్రసంగం కాదు, అంతసేపు సాగదీయకండి" అంది. రోజూ పొద్దున వెళ్తున్నారు. నేను కాజాలు కుడుతున్నాను, గుండీలు వేస్తున్నాను. నా కాజాలు చూసి ఆవిడ ముఖం తిప్పుకుంటుంది, విప్పి మళ్ళీ కుట్టమంటుంది, కుడతాను. ఇంట్లో మేమేం మాట్లాడుకోవడం లేదు. కోపం కాదు. అబద్ధం ఆడే ఓపిక ఇద్దరికీ లేదు, నిజం ఇంకా అలవాటు కాలేదు. భోజనం ముందు ఎవరూ ప్రార్థన చెయ్యడం లేదు. కాసేపు ఊరికే కూర్చుని తింటాం.

మందిరం తెరిచే ఉంది. తాళం వెయ్యడానికి ముందుకు రావాల్సిన పెద్దలే రావడం మానేశారు. ఆదివారం ఓ బెంచీ మంది ఉంటారు, తీగ గురించి ఎవరూ అడగరు. ఆకులు మాత్రం బాగా వచ్చాయి. ఎవరూ తలెత్తి చూడరు. నేను చూస్తాను, నీడ పడుతోంది గదా అని.

నిన్న జరిగింది నీకు చెప్పాలి. మధ్యాహ్నం ఆవిడకు మాత్ర వేళయింది. రోజూ నేను వెళ్ళి కూజాలోంచి నీళ్ళిచ్చేదాన్ని, నిన్న నాకు కాస్త ఆలస్యమైంది. గుమ్మం దాకా వచ్చి ఆగిపోయాను. మీ అన్నయ్య ఇస్త్రీపెట్టె నిలబెట్టి, లోపలికి వెళ్ళి గ్లాసుతో నీళ్ళు తెచ్చారు. ఎడమచేతిలో మాత్ర పెట్టుకుని ఆవిడ ఆ గ్లాసును చూసింది. తీసుకోలేదు.

"ఇవి ఏ నీళ్ళు అయ్యగారూ?" అంది.

మీ అన్నయ్య చేతిలో గ్లాసు అంచుమీంచి కాస్త నీళ్ళు ఒలికాయి. పాతరోజుల్లో అయితే దీనికి ఆయన ఎంత చక్కటి మాట అనేవారో నీకూ తెలుసు.

"కుళాయి నీళ్ళమ్మా" అన్నారు.

ఆవిడ మాత్ర వేసుకుని, గ్లాసు అందుకుని, మొత్తం తాగింది.

నీ వదిన